టర్బో ఇంజనునందు గాలి ఒత్తిడిని ఏ చోట కొలువవలెను?

మన మధిర ప్రాంతమున నేడు దుక్కికిని, కోతకును, రవాణాకును ఇంజనే ముఖ్యాధారము. యాసంగి వరికోతకు వచ్చు హార్వెస్టర్లు, మిరప బస్తాలను ఖమ్మము మార్కెట్టునకు చేర్చు ట్రాక్టర్లు, సుబాబుల్, జామాయిల్ కర్రను మోయు బండ్లు, వీనిలో పెద్దవి అనేకము టర్బో ఇంజను గలవి. ఇంజను చక్కగా నడచుచున్నంత కాలము దానినిగూర్చి ఎవరును ఆలోచింపరు. కోత నడుమ అది నల్లపొగ విడిచి, బలము తగ్గి, చేనిలో నిలిచిపోయినపుడు మాత్రము గంట లెక్కన అద్దె చెల్లించు రైతు మబ్బు పట్టిన ఆకాశమును చూచుచు నిలువవలసి వచ్చును.

అట్టి సమయమున మెకానిక్కు చెప్పు మాట తఱచుగా ఒకటే: “సెన్సారు పోయినది, మార్చవలెను.” కొన్నిసార్లు అది నిజమే. కాని మఱికొన్నిసార్లు సెన్సారు మంచిదే. అది ఒత్తిడిని తీసికొను చోటు తప్పుది. అప్పుడు ఎన్ని సెన్సార్లు మార్చినను రోగము కుదురదు, డబ్బు మాత్రము పోవును. కావున మ్యానిఫోల్డు సెన్సారునకు ఒత్తిడిని ఏ చోటనుండి తీసికొనవలెను, ఏ చోటనుండి తీసికొనరాదు అను సంగతిని సంఘ సభ్యులకు తెలియజేయుటకు ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

టర్బో చేయు పని

ఇంజను బలము డీజిలువలన మాత్రమే రాదు. ఆ డీజిలు పూర్తిగా మండుటకు తగినంత గాలియు ఉండవలెను. సాధారణమైన ఇంజను పిష్టను దిగునపుడు తనంతట తానే గాలిని పీల్చుకొనును. టర్బో ఇంజనులో బయటికి పోవు వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొననున్న మఱియొక చక్రము బయటి గాలిని నొక్కి ఇంజనులోనికి త్రోయును. వృథాగా పోవు పొగ బలముతోనే ఎక్కువ గాలిని నింపుట ఇందలి యుక్తి. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరగు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో దీనికి పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో శాన్ఫర్డ్ మాస్ అను నతడు విమానపు ఇంజనును 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరముపైకి కొనిపోయి, పలుచని గాలిలో సయితము టర్బో సాయమున ఇంజను తన బలమును నిలుపుకొనగలదని చూపెను.

గాలిని నొక్కినపుడు అది వేడెక్కును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగు భాగము కాలుట మనమందఱము ఎఱిగినదే. వేసవిలో 40 డిగ్రీల వేడిగల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కినచో అది సుమారు 130 నుండి 140 డిగ్రీల వఱకు వేడెక్కును. వేడి గాలి పలుచన. కావున అనేక ఇంజనులలో టర్బోకును మ్యానిఫోల్డునకును నడుమ ఇంటర్‌కూలరు అను చల్లార్చు జాలి యుండును. ఆ గాలి 65 డిగ్రీలకు చల్లారెనేని, అదే ఒత్తిడిలో, అదే చోటులో, ఇంచుమించు ఐదవ వంతు ఎక్కువ గాలి పట్టును.

గాలి నడచు త్రోవను క్రమముగా గుర్తుంచుకొనుట మంచిది. మొదట ఫిల్టరు, తరువాత టర్బో, తరువాత ఇంటర్‌కూలరు, తరువాత మ్యానిఫోల్డు, కడపట సిలిండర్లు. మ్యానిఫోల్డనగా అన్ని సిలిండర్లకును గాలిని పంచు ఉమ్మడి గదియు, దానినుండి చీలిన కొమ్మ గొట్టములును.

సెన్సారు ఎందులకు?

పాతరకపు టర్బో ఇంజనులలో డీజిలు పంపునకు అనుబంధముగా పొర గల ఒక చిన్న డబ్బీ యుండును. మ్యానిఫోల్డునుండి సన్నని గొట్టము దానికి వచ్చును. గాలి ఒత్తిడి పెరిగినపుడు పొర కదలి, పంపు ఎక్కువ డీజిలును విడుచును. గాలి రానిదే అదనపు డీజిలు పోరాదు అనునది ఇందలి సూత్రము. ఆ సన్నని గొట్టము తెగినచో పొగ లేకుండగనే బలము తగ్గును. ట్రాక్టరు ట్రాలీని లాగలేకపోవును.

క్రొత్త కామన్ రైలు ఇంజనులలో ఆ డబ్బీ పనిని సెన్సారును, కంప్యూటరు పెట్టెయు చేయును. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్ 4 పొగ నియమములు అమలులోనికి వచ్చిన పిదప ఇట్టి ఇంజనులు మన పల్లెలలోను కానవచ్చుచున్నవి. సెన్సారులో సిలికానుతో చేసిన మిక్కిలి పలుచని పొర కలదు. ఒత్తిడికి అది వంగునపుడు దాని విద్యున్నిరోధము మారును. సిలికానుకు గల ఈ గుణమును అమెరికాలోని బెల్ లేబొరేటరీలో చార్లెస్ స్మిత్ 1954లో వెల్లడించెను. సెన్సారు సాధారణముగా 5 వోల్టుల విద్యుత్తును పొంది, ఒత్తిడి ననుసరించి సుమారు అర వోల్టు మొదలు నాలుగున్నర వోల్టుల వఱకు తిరిగి పంపును. దానిని చూచి కంప్యూటరు, ఎంత గాలి వచ్చినదో లెక్కించి, అందుకు తగిన డీజిలుకు మించి పోనీయకుండును.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. సెన్సారు తన ముక్కు ఎదుటనున్న ఒత్తిడిని మాత్రమే చెప్పును. సిలిండరు వద్ద ఏమి జరుగుచున్నదో దానికి తెలియదు. ముక్కు ఎక్కడ నుంచవలెనో నిర్ణయించుట మనుష్యుని పని.

ఐదు చోట్లు, వాని గుణదోషములు

సాగరు ఎడమకాలువ చివరి ఆయకట్టు రైతునకు ఈ సంగతిని వేఱుగ బోధింప నక్కఱలేదు. కాలువ తల వద్ద ఎన్ని అడుగుల నీరు పాఱుచున్నదో పుస్తకములో వ్రాసికొనవచ్చును. కాని నడుమ గండి పడవచ్చును, పూడిక పేరుకొనవచ్చును. చివరి మడి తడిసినదా లేదా అని తెలియవలెనన్న ఆ మడి వద్దనే చూడవలెను. ఇంజనులో కాలువ తల టర్బో, చివరి మడి సిలిండరు.

మొదటి చోటు టర్బో మూతి. ఇచట కొలిచినచో టర్బో ఎంత గాలిని నొక్కినదో తెలియును గాని, ఎంత చేరినదో తెలియదు. శుభ్రమైన ఇంటర్‌కూలరు సయితము కొంత ఒత్తిడిని తినివేయును. నూనె జిడ్డు పేరుకొన్నపుడును, రబ్బరు గొట్టము లోపలి పొర ఊడి అడ్డుపడినపుడును ఈ నష్టము పెరుగును. లెక్కకు, టర్బో మూతి వద్ద 2 బార్ల ఒత్తిడి యుండి మ్యానిఫోల్డులో 1.7 బార్లే యున్నదనుకొందము. మూతి వద్ద కొలుచు సెన్సారు నమ్మించిన గాలిలో నూటికి 15 పాళ్లు నిజముగా లేవు. లేని గాలికి డీజిలు పోవును. ఆ డీజిలు మండక నల్లపొగయై పోవును. పైగా అచట గాలి మిక్కిలి వేడిగ నుండును, వేగముగను సుడులు తిరుగుచును పాఱును. అందుచే ఒత్తిడి కొలతయు నిలుకడగా నుండదు.

రెండవ చోటు ఇంటర్‌కూలరునకు తరువాత, మ్యానిఫోల్డునకు ముందున్న గొట్టము. గాలి త్రోవలో మూత, అనగా త్రాటిలు, లేని డీజిలు ఇంజనులో ఇది మ్యానిఫోల్డుతో ఇంచుమించు సమానము. అనేక ఇంజనులలో తయారీదారులే సెన్సారును ఇచట అమర్చుదురు. కాని మూత గల ఇంజనులో, అందునను పెట్రోలు ఇంజనులో, మూతకు ముందు ఒక ఒత్తిడి, వెనుక వేఱొక ఒత్తిడి. మూత మూసినపుడు ముందు భాగమున గాలి నిండియుండగా వెనుక భాగమున పీల్పు ఏర్పడును. సిలిండరు పీల్చునది వెనుక భాగమునుండియే. కావున పెట్రోలు ఇంజనులో మ్యానిఫోల్డు సెన్సారు మూతకు వెనుకనే యుండవలెను. టర్బో ఒత్తిడిని విడిగా చూచుటకు మూతకు ముందు రెండవ సెన్సారును పెట్టు ఇంజనులును గలవు. అట్టి చోట ఒకదాని గొట్టమును మఱియొకదానికి తగిలింపరాదు.

మూడవ చోటు ఒక్క సిలిండరునకు పోవు కొమ్మ గొట్టము. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు అన్నియు కలసి నిమిషమునకు 4,000 మారులు గాలిని తీసికొనును. అందు ఒక్కొక్క సిలిండరు వాటా 1,000. ఒక్క కొమ్మలో ముక్కు పెట్టిన సెన్సారునకు ఆ సిలిండరు కవాటము తెఱచునపుడు ఒక దెబ్బ, మూయునపుడు ఇంకొక దెబ్బ తగులుచుండును. ఒక యింటి గడపను చూచి ఊరి జనాభా చెప్పినట్లుండును ఆ లెక్క.

నాలుగవ చోటు వేఱొక పనికి పోవు గొట్టమునుండి టీ ముక్కతో చీల్చుట. ఇది మన ప్రాంతమున సులభోపాయముగా కనిపించు చెడ్డ అలవాటు. వేస్టుగేటు గొట్టములో కొన్ని ఇంజనులందు సన్నని రంధ్రముగల అడ్డో, గాలిని విడుచు విద్యుత్ కవాటమో యుండును. అందు ఒత్తిడి మ్యానిఫోల్డు ఒత్తిడి కానేరదు. అంతేగాక అట్లు చీల్చిన గొట్టమునకు చిల్లి పడినచో ఒక్క దెబ్బకు రెండు పనులును చెడును.

ఐదవ చోటు మ్యానిఫోల్డు ఉమ్మడి గది. ఇచటికి చేరిన గాలి అన్ని నష్టములకును లోనై వచ్చిన గాలి. ఇక అది పోవలసినది సిలిండర్లలోనికే. ఒక్కొక్క సిలిండరు కొట్టు దెబ్బలు గది విశాలతవలన అణగి సమముగా నుండును. కావున డీజిలు లెక్కకు పనికివచ్చు ఒత్తిడి ఇదియే. తయారీదారు వేఱుగా నిర్ణయింపని చోట ఎంచుకొనవలసినది ఈ ఉమ్మడి గదినే.

వేస్టుగేటు సంగతి వేఱు

టర్బో హద్దు మీఱి తిరుగకుండ, కొంత పొగను ప్రక్కదారిని విడుచు తలుపు వేస్టుగేటు. దీని గొట్టము చాల ఇంజనులలో టర్బో మూతినుండియే పోవును. ఇది పొరపాటు కాదు. వేస్టుగేటు కాపాడవలసినది టర్బోను. టర్బో తన మూతి వద్ద ఎంత ఒత్తిడి పుట్టించుచున్నదో అదియే దానికి ముఖ్యము. ఈ గొట్టమును మ్యానిఫోల్డునకు మార్చినచో, ఇంటర్‌కూలరు మూసుకొన్నపుడు మ్యానిఫోల్డులో ఒత్తిడి చాలక తలుపు తెఱచుకొనదు. టర్బో ఆ నష్టమును పూరించుటకై మితిమీఱి తిరిగి చెడిపోవును. కావున సూత్రము ఇది: టర్బోను కాపాడుటకు టర్బో వద్ద, డీజిలును కొలుచుటకు మ్యానిఫోల్డు వద్ద. ఈ రెంటిని కలిపివేయరాదు.

కన్నులార చూచిన ఒక సంగతి

కొన్ని కోతల క్రిందట వైరా వైపు ఒక గ్రామమున హార్వెస్టరు ఒకటి బరువు పడగానే నల్లపొగ విడుచుచు, ఎకరమునకు మునుపటికన్న ఎక్కువ డీజిలు త్రాగుచుండెను. యజమాని అప్పటికే సెన్సారును ఒకసారి మార్పించియుండెను. త్రోవ వెంబడి చూడగా, మ్యానిఫోల్డు పైనున్న ఇత్తడి నిప్పిలు విఱిగియుండుటచే దానిని బిరడాతో మూసి, సెన్సారు గొట్టమును టర్బో మూతి వద్దకు త్రిప్పియుండిరి. బండి ఆరోగ్యముగా నున్నంత కాలము ఆ తేడా కానరాలేదు. తరువాత ఇంటర్‌కూలరు వెనుకనున్న రబ్బరు గొట్టము లోపలి పొర ఊడి త్రోవకు అడ్డుపడెను. పైకి గొట్టము క్రొత్తదానివలెనే యున్నది. టర్బో మూతి వద్ద ఒత్తిడి నిండుగ నుండుటచే కంప్యూటరునకు లోపమేమియు తెలియలేదు, హెచ్చరిక దీపము వెలుగలేదు. గొట్టమును మార్చి, నిప్పిలును తిరిగి బిగించి, సెన్సారును దాని చోటికి చేర్చిన పిదప పొగ తగ్గెను. మార్చిన సెన్సారునకు పెట్టిన సొమ్ము వృథా. అంతకన్న పెద్ద నష్టము, ఆ రెండు దినములలో కోయవలసిన వరి చేనిలోనే నిలిచియుండుట.

సెన్సారు మ్యానిఫోల్డులోనే యుండినచో ఒత్తిడి తక్కువయని కంప్యూటరు గ్రహించి డీజిలును తగ్గించియుండును. బలము తగ్గును గాని పొగయు, డీజిలు దండుగయు ఉండవు. జబ్బు ఆరంభముననే బయటపడును.

గొట్టమును అమర్చు పద్ధతి

కొన్ని ఇంజనులలో సెన్సారు నేరుగా మ్యానిఫోల్డునకే బిగింపబడియుండును. అట్టి అమరికను మార్చవలసిన పని లేదు. గొట్టము గల అమరికలో ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

రంధ్రము మ్యానిఫోల్డు పైభాగమున నుండవలెను. అడుగున నున్నచో నూనె, తేమ, మసి అందు దిగును. సెన్సారు రంధ్రముకన్న ఎత్తుగా నుండి, గొట్టము మ్యానిఫోల్డు వైపునకే వాలియుండవలెను. అట్లయినచో గొట్టములో చేరిన తేమ తిరిగి దిగిపోవును. భద్రాచలపు అడవి అంచు గ్రామములలో చలికాలపు ఉదయములందు మంచు ఎక్కువ. తేమ నిలిచిన గొట్టము సెన్సారును చెఱచును. పొగలో కొంత భాగమును తిరిగి గాలిలో కలుపు ఇంజనులలో, ఆ పొగ కలియు చోటికి దగ్గఱగా రంధ్రము పెట్టరాదు. మసితో త్వరగా పూడును. గొట్టము పొట్టిగను, వేడికిని నూనెకును ఓర్చునదిగను ఉండి, మడతపడకుండవలెను. రెండు కొనలను క్లిప్పులతో బిగింపవలెను. తీగ చుట్టి వదలివేయుట పనికిరాదు.

క్రొత్త సెన్సారు కొనునపుడు

ప్లగ్గు పట్టినంత మాత్రమున సెన్సారు సరియైనది కాదు. ఒత్తిడిని లెక్కించుటకు రెండు పద్ధతులు గలవు. డయలు గడియారము బయటి గాలికి పైబడిన ఒత్తిడిని మాత్రమే చూపును. మ్యానిఫోల్డు సెన్సారు శూన్యము మొదలుకొని లెక్కించును. గడియారము 1 బారు చూపునపుడు సెన్సారు ఇంచుమించు 2 బార్లు చెప్పవలెను. కావున టర్బో లేని ఇంజనుకై చేసిన 1 బారు సెన్సారు టర్బో ఇంజనులో పనికిరాదు. ఒత్తిడి దాని హద్దు దాటిన పిదప ఎంత పెరిగినను అది ఒకే మాట చెప్పుచుండును. మఱి మితిమీఱిన హద్దు గల సెన్సారు కూడదు, దానిలో చిన్న తేడాలు సరిగా తెలియవు. పాతదాని పైనున్న భాగపు సంఖ్యను చూచి అదే సంఖ్య గలదానిని అడుగవలెను. నాలుగు తీగల సెన్సారు గాలి వేడిని కూడ చెప్పును. దాని స్థానమున మూడు తీగలది పెట్టరాదు.

సెన్సారు ముక్కులో సూది, పుల్ల గ్రుచ్చరాదు. నీటి పంపుతో కడుగరాదు. మసి పట్టినచో ఎలక్ట్రానిక్ సామగ్రికై చేసిన శుభ్రపఱచు ద్రవమును చల్లి, ఆరనిచ్చి బిగింపవలెను. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడిపోయినట్లు కాకుండ చూచుకొనవలెను.

రైతు స్వయముగా చేయించదగిన పరీక్షలు

మొదటిది. తాళము త్రిప్పి, ఇంజను ప్రారంభింపక, మెకానిక్కు వద్దనున్న స్కానరులో మ్యానిఫోల్డు ఒత్తిడిని చూడవలెను. సముద్రమట్టమున గాలి ఒత్తిడి 1.013 బార్లు, అనగా 101.3 కిలో పాస్కళ్లు. మన మధిర పల్లపు నేల గనుక ఇచట 100కు దగ్గఱగా చూపవలెను. ఇది చాల తేడాగా నున్నచో సెన్సారునో, దాని తీగలనో అనుమానింపవచ్చును. సరిగా నున్నచో తొందరపడి మార్చరాదు.

రెండవది. బండికి పూర్తి బరువు పెట్టి, టర్బో మూతి వద్దను మ్యానిఫోల్డు వద్దను వేర్వేఱు గడియారములతో ఒకేసారి ఒత్తిడిని చూపింపవలెను. ఈ రెంటికి నడుమ తేడా కొద్దిగ నుండుట సహజము. తేడా పెరిగియున్నచో లోపము త్రోవలో నున్నది. ఇంటర్‌కూలరును, గొట్టములను విప్పి చూడవలెను. రెండును సమానముగ తగ్గినచో టర్బోను, ఫిల్టరును, గాలి కాఱు అతుకులను చూడవలెను.

మూడవది. ఇంజను నడచుచుండగా అతుకులపై సబ్బునీటిని చల్లవలెను. బుడగలు లేచిన చోట గాలి కాఱుచున్నది. త్రిప్పుచున్న బెల్టులకును, ఫ్యానుకును చేతులను దూరముగ నుంచవలెను.

ఈ పరీక్షలకు మించిన మంచి అలవాటు మఱియొకటి గలదు. బండి ఆరోగ్యముగ నున్నపుడే ఈ అంకెలను ఒక అట్టపై వ్రాసి బండిలో నుంచవలెను: ఇంజను ఆగినపుడు ఎంత, పూర్తి బరువులో మ్యానిఫోల్డు వద్ద ఎంత, టర్బో మూతి వద్ద ఎంత, సెన్సారు భాగపు సంఖ్య ఏది, దాని గొట్టము ఎచటనుండి వచ్చుచున్నది. సహకార సంఘములు అద్దెకిచ్చు యంత్రములకు ఇట్టి అట్ట తప్పక ఉండవలెను, ఏలయన ఆ యంత్రము ఏడాదికొక డ్రైవరు చేతిలోనికి, చోటుకొక మెకానిక్కు చేతిలోనికి పోవుచుండును. గొట్టమును ఎవరు ఎప్పుడు మార్చిరో ఎవరికిని గుర్తుండదు, అట్టకు గుర్తుండును.

కోతలకు ముందు కత్తెరలకు పదును పెట్టించుట, నూనె మార్పించుట మనకు అలవాటే. దానితోపాటు ఈ సన్నని గొట్టము ఒక కొన ఎక్కడ, రెండవ కొన ఎక్కడ అని ఒక్కసారి చేతితో తడవి చూడుడు. అది ఉమ్మడి గదినుండి వచ్చుచున్నచో నిశ్చింతగా చేనిలోనికి దింపవచ్చును. వేఱొక చోటనుండి వచ్చుచున్నచో, అది తయారీదారు ఏర్పాటా లేక దారిలో ఎవరో చేసిన మార్పా అని తెలిసికొనిన పిదపనే దింపుడు.